ఫ్లెక్సీలో రాజ్యాంగం ఏదీ?

నవంబర్ 26న మా మేనకోడలి స్కూల్లో రాజ్యాంగ దినోత్సవం జరిపారు. నేనూ వెళ్లాను. స్టేజీ వెనక ఫ్లెక్సీలో ముఖ్య అతిథి నిలువెత్తున నవ్వుతున్నారు, అంబేద్కర్ గారు పోస్టల్ స్టాంపంత ఉన్నారు. రాజ్యాంగం బొమ్మ మాత్రం ఎక్కడా లేదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రవేశికను ఒక సారు ఫోన్లో చూసి చదివిస్తుంటే "లౌకిక" దగ్గర స్క్రీన్ ఆరిపోయింది. పిల్లలు "లౌకిక, లౌకిక" అంటూ ఆగిపోయారు. అదే ప్రవేశిక వాళ్ల సోషల్ పుస్తకంలోనే అచ్చయి ఉందని ఒక్కరికీ తట్టలేదు!

ఇలాంటి వేడుకలు వద్దని నేననను. కానీ పల్లకి మోసుకెళ్తూ ఉత్సవ విగ్రహాన్ని గుళ్లోనే మర్చిపోయినట్టుంది మన వరస.

మన రాజ్యాంగం అసలు ప్రతి, ఢిల్లీలో పార్లమెంటు లైబ్రరీలో ఉంది. కాగితానికి ఆక్సిజన్ తగలకుండా జడవాయువు నింపిన గాజు పెట్టెలో దాచారు. ఇంగ్లిష్ ప్రతిలో అక్షరాలు టైపు చేసినవి కావు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అనే ఆయన కలంతో ఒక్కో పేజీ రాశారు. డబ్బు వద్దన్నారు. ప్రతి పేజీలో తన పేరు, చివరి పేజీలో తన తాతగారి పేరు ఉండాలన్నారు, అంతే. పేజీలకు బొమ్మలు, అంచులు వేసింది శాంతినికేతన్ నుంచి నందలాల్ బోస్, ఆయన శిష్యులు. (ఆ అసలు ప్రతిలోని ప్రవేశిక ఫొటో ఎవరైనా షేర్ చేస్తే "సామ్యవాద, లౌకిక ఏవి? ఎవరు తీసేశారు?" అని గొడవకు దిగేవాళ్లకో మాట: ఆ రెండూ 1976లో, 42వ సవరణతో వచ్చాయి.)

ఇదంతా కథలా చెబితే పిల్లలు వినరా? రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి రాజ్యాంగాన్ని తయారు చేసిన రాజ్యాంగ సభలో కూర్చున్నారని, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా కమిటీలో ఉన్నారని ఆ రోజు మైకులో ఒక్కరు కూడా చెప్పలేదు. ఆ ఫ్లెక్సీ డబ్బులతో 1950 జనవరి 24 నాటి సంతకాల పేజీని పెద్దగా ప్రింట్ తీయించి వరండాలో పెట్టొచ్చు.

ఇంటికొచ్చాక ఆ పేజీని ఫోన్లో తీసి మా మేనకోడలికి చూపించాను. వేళ్లతో జూమ్ చేసి, నెహ్రూ సంతకం పైన ఇరుక్కుని ఉన్నదాన్ని పట్టుకుంది.

"ఇదెవరిది మామయ్యా?"

"రాజేంద్ర ప్రసాద్ గారిది. ఆ సభకు ఆయనే అధ్యక్షుడు."

"అధ్యక్షుడికే చోటు ఉంచలేదా?"