పిన్ని పోపుల డబ్బాలో ముప్పై లక్షలు

మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పిన్ని ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేసింది. "వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణెం ఉంటే పది లక్షలు. 1994 నాటి రెండు రూపాయల బిళ్ళకు ఐదు లక్షలు. 1985 రూపాయికి రెండున్నర లక్షలు. రిజర్వ్ బ్యాంకే కొంటోంది. ఈ నంబరుకు ఫొటో పంపండి." వెనకే ఇంకొకటి: "ఒరేయ్, నా పోపుల డబ్బాలో అమ్మవారి బిళ్ళలు మూడున్నాయి రా." మూడు పదులు ముప్పై. లెక్క అప్పటికే అయిపోయింది.

ఫోన్లో ఆవిడకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ మెసేజ్ మీ పిన్నికీ వచ్చే ఉంటుంది.

ముందు అమ్మవారి బిళ్ళ. వైష్ణోదేవి ఆలయ బోర్డు ఏర్పడి పాతికేళ్ళయిన సందర్భంగా 2012లో వేసిన నాణెం అది. దాచుకోవడానికి కాదు, చెలామణీకే వేశారు. అందుకే పిన్ని చేతికి కూరగాయల చిల్లరలో వచ్చింది. అసలు మన దగ్గర సగం కిరాణా కొట్లు పది రూపాయల బిళ్ళే తీసుకోవు. పద్నాలుగు డిజైన్లున్నాయి, అన్నీ చెల్లుతాయి అని రిజర్వ్ బ్యాంకు 2018లో ప్రకటన ఇచ్చినా వినలేదు. కొట్టువాడు పది రూపాయలకే వద్దన్న బిళ్ళను ఇంకెవరో పది లక్షలకు కొంటారట!

1994 రెండు రూపాయల బిళ్ళంటే పదకొండు అంచులతో, వెనక భారతదేశం మ్యాపు, జెండా ఉండేది. తొంభైల్లో సిటీ బస్సెక్కిన ప్రతివాడి జేబులోనూ ఉండేది. కొన్ని మెసేజ్‌లలో "సంవత్సరం కింద నక్షత్రం ఉంటే ఇంకా రేర్" అని కూడా ఉంటుంది. ఆ నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు, అంతే. ముంబైది డైమండ్, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తే ఉండదు. 1985 రూపాయి మీద ఇంగ్లిష్ హెచ్ అక్షరం కథా ఇలాంటిదే. అప్పట్లో చిల్లర కొరత వచ్చి బయటి దేశాల్లో నాణేలు కొట్టించారు. హెచ్ అంటే బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల. కొరత తీర్చడానికి తెప్పించిన సరుకు అరుదైనదెలా అవుతుంది?

"పాతదైతే విలువ ఎక్కువ" అన్నది అందరూ నమ్మే మాట. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న వెండి రూపాయి చూడండి. ఆ ఏడు దాటినా దాదాపు పన్నెండేళ్ళపాటు అదే సంవత్సరం వేసి కొట్టారు. అందుకే కుప్పలుగా దొరుకుతుంది. అందులో చాలావాటికి పలికేది దానిలోని దాదాపు పదకొండు గ్రాముల వెండి విలువ, దానిమీద కాస్త.

మరి నిజంగా అరుదైనవి లేవా అంటే ఉన్నాయి, వాటి కథలే వేరు. 1911లో ఐదో జార్జి రూపాయి వచ్చింది. రాజుగారి అంగీ మీద చెక్కిన ఏనుగు, తొండం పొట్టిగా ఉండి అచ్చం పందిలా కనిపించింది. ముస్లింలకు కోపం వచ్చింది. కొట్టినవి దాదాపు 94 లక్షలు, బయటికి వెళ్ళినవి 7 లక్షలు. మిగతావి చాలావరకు కరిగించేశారు. మరుసటి ఏడు ఏనుగును సరిచేశారు. ఈనాటికీ దాన్ని పంది రూపాయి అనే అంటారు. ఇంత కథ ఉన్నదానికీ మామూలుగా పలికేది వేలల్లోనే. ఆరో జార్జి 1939 వెండి రూపాయి ఇంకా అరుదు, కాబట్టే దానికి దొంగ నాణేలూ ఎక్కువ.

చిల్లరలో దొరికే అవకాశం కాస్తో కూస్తో ఉన్నది తప్పు పడిన నాణేలకే. కొట్టిన బిళ్ళ అచ్చుకు అతుక్కుపోయి, తర్వాతి బిళ్ళ మీద దాని బొమ్మ గుంటగా, తిరగబడి పడుతుంది. సేకరించేవాళ్ళు దాన్ని 'లఖి' అంటారు. అలాంటిది కనపడితే పక్కన పెట్టండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి. పిన్ని తన మూడు బిళ్ళలూ రాగి చెంబుతో పాటు తళతళలాడేలా తోమింది. నాణేల షాపువాడు భూతద్దంలో ముందు చూసేది టంకశాల నుంచి వచ్చిన మెరుపు మిగిలిందా, గీతలు పడ్డాయా అనే. తోమిన మెరుపు అతనికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక "రిజర్వ్ బ్యాంకే కొంటోంది" అన్నది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో మాకు సంబంధం లేదు, ఎవరి దగ్గరా చార్జీలు, కమీషన్లు అడగం అని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది. ఈ మోసంలో నాణెం ఒక వంక మాత్రమే. ఫొటో పంపగానే "మీది సెలెక్ట్ అయింది" అంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తర్వాత జీఎస్టీ, ఆపైన ముద్రలతో ఒక దొంగ లెటరు. ప్రతి మెట్టు దగ్గరా మీరే కడతారు. ఆన్‌లైన్‌లో పది లక్షలని కనిపించే రేటు కూడా అమ్మేవాడు రాసుకున్నదే. ఎవరైనా కొన్నారా అని చూడాలి.

అంతా విని పిన్ని, "అయితే ఫొటో పంపొద్దంటావ్" అంది కాస్త నిరాశగా. ఒక బిళ్ళ దేవుడి గూట్లో పెట్టుకుంది. మిగతా రెండూ పాలవాడికిస్తే, నోటు ఇవ్వమన్నాడట.