ముసలి వకీలు కథ నెమ్మదిగానే నడవాలి

వృద్ధుడైన డిఫెన్స్ న్యాయవాది తన ఆఖరి కేసు వాదించే తరహా ఇంగ్లిషు కోర్టు థ్రిల్లర్ల మీద మన పాఠకులలో కొంతకాలంగా చర్చ నడుస్తున్నది. హన్మకొండలోనూ వరంగల్‌లోనూ పుస్తకాలు విడవకుండా చదివే మిత్రుల నోట నేను విన్నవాటిలో మూడు ఫిర్యాదులు పదే పదే వస్తున్నాయి. సాక్షుల విచారణ పేజీలకు పేజీలు సాగుతుందని, ముసలాయన అలసట, మతిమరుపు కథకు అడ్డం పడుతున్నాయని, అంతా అయిపోయాక కూడా ముద్దాయి నేరం చేశాడో లేదో తేల్చి చెప్పరని అంటున్నారు. ఈ మూడూ సరికాదని, మూడింటికీ మూలం ఒకే అసహనమని నా అభిప్రాయం. ఆ అసహనం పుస్తకాల దగ్గరే ఆగిపోయేదైతే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

సాగదీత అంటున్న క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి పక్షం సాక్షిని వకీలు ఎదురు ప్రశ్నలు అడగడం, ఆ సంగతే ముందు చూద్దాం. రాత్రిపూట ఊరి బయట హత్య జరిగిందనుకోండి. దారిన పోతూ ముద్దాయిని చూశానని ఒక సాక్షి బోనెక్కి చెబుతాడు. కొత్తగా నల్లకోటు వేసుకున్న న్యాయవాది అయితే వెంటనే లేచి, అంత చీకట్లో ఎట్లా గుర్తుపట్టావని గట్టిగా అడుగుతాడు. పక్కనే కరెంటు స్తంభం ఉంది, లైటు వెలుగుతోంది అని సాక్షి జవాబిస్తాడు. అడగకూడని ప్రశ్న అడిగి, ప్రాసిక్యూషన్ కేసులో ఉన్న రంధ్రాన్ని ముద్దాయి వకీలే తన చేతులతో పూడ్చినట్టయింది. ముప్పై నలభై ఏళ్లు సెషన్స్ కోర్టులో గడిపిన మనిషి ఆ ప్రశ్న జోలికే పోడు. ఘటన జరిగిన సమయం, సాక్షి నిలబడ్డ చోటు, అక్కడి నుంచి ఎంత దూరమో చప్పగా అడిగి కూర్చుంటాడు. ఎప్పుడో కొన్ని వాయిదాల తరువాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఘటనా స్థలాన్ని చూసి రాసిన పంచనామాతో పాటు గీసిన రఫ్ స్కెచ్ చేతికిచ్చి, ఇందులో కరెంటు స్తంభం చూపారా అని ఒక్క మాట అడుగుతాడు. లేదు అన్న జవాబు రికార్డులోకి ఎక్కగానే ఆయన పని అయిపోయింది. బల్ల గుద్దడం, గొంతు పెంచడం ఏమీ ఉండవు. ఈ పనిలోని ఉత్కంఠ పాఠకుడికి అందాలంటే ఆ చప్పటి ప్రశ్నలన్నీ వరుసగా చదవవలసిందే, ఎందుకంటే ఏ ప్రశ్న ఎందుకు అడిగాడో, ముఖ్యంగా ఏ ప్రశ్న ఎందుకు అడగలేదో తెలియడంలోనే అసలు థ్రిల్లు ఉంది.

మన కోర్టుల్లో ఈ ఓపిక మరింత అవసరం. అమెరికా నవలలో వకీలు పన్నెండు మంది జ్యూరీ సభ్యుల ముఖాల్లోకి చూస్తూ మాట్లాడతాడు, వాళ్ల మనసు కరిగిస్తే గెలుస్తాడు. మన దగ్గర, భార్య ప్రియుడిని కాల్చి చంపిన నౌకాదళ అధికారిని జ్యూరీ నిర్దోషి అన్న 1959 నాటి నానావతి కేసు తరువాత జ్యూరీ పద్ధతి పలచబడి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి దానికి చోటే లేకుండా పోయింది. ఇక్కడ సాక్షి తెలుగులో చెబుతాడు, చాలాచోట్ల జడ్జి దాన్ని ఇంగ్లిషులో చెప్పి టైపు చేయిస్తారు, ఆ కాగితమే కేసు అవుతుంది. హన్మకొండ అదాలత్‌లో ఈరోజు అడిగిన ఒక ప్రశ్నకు ఫలితం కొన్నేళ్ల తరువాత హైకోర్టులో, ఆ సాక్షిని కంటితో చూడని న్యాయమూర్తి ఆ కాగితం చదివినప్పుడు దక్కవచ్చు. అంటే మన ఫౌజుదారీ (క్రిమినల్) వకీలు కోర్టు హాల్లో కూర్చున్నవాళ్ల కోసం కాక, ఎప్పుడో ఎక్కడో చదవబోయే మనిషి కోసం మాట్లాడుతాడు. చప్పట్లు పడే డైలాగుకు ఆ కాగితంలో చోటుండదు.

వయసు విషయంలోనైతే పాఠకుల ఫిర్యాదు నాకు నిజంగా బాధ కలిగించింది. హైకోర్టు న్యాయమూర్తికి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తికి 65 ఏళ్లకు పదవీ విరమణ ఉంది గానీ న్యాయవాదికి అలాంటి గీత లేదు. సుప్రీంకోర్టులో పేరుమోసిన క్రిమినల్ న్యాయవాది రామ్ జెఠ్మలానీ 2017లో వృత్తి నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించే నాటికి తొంభై మూడు నిండి తొంభై నాలుగులోకి వస్తున్నారు. అంత దూరం పోనక్కర లేదు, ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర చేశారన్న ఆరోపణతో వరంగల్ విప్లవ రచయితలు ముద్దాయిలుగా నిలబడిన సికింద్రాబాద్ కుట్ర కేసునే తీసుకోండి. 1974లో మొదలైన ఆ కేసు 1989లో గానీ కొట్టివేతకు రాలేదు. ఆ కేసులో డిఫెన్సు తరఫున నిలబడ్డ పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ 1929లో పుట్టినవారు. నలభై అయిదేళ్ల వయసులో ఎదురైన కేసు అరవై ఏళ్లు వచ్చేదాకా వెంట నడిచింది. ముద్దాయిల జుట్టూ వకీలు జుట్టూ ఒకే కేసులో నెరిసిన దేశంలో ఉంటూ, వృద్ధ న్యాయవాది మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకునే పేజీలు అనవసరమని అనడం ఎట్లా కుదురుతుంది? ఆ ఆయాసమే ఇక్కడి విచారణ స్వభావాన్ని చెబుతుంది. తన జ్ఞాపకశక్తి మీద తనకే నమ్మకం తగ్గుతున్న మనిషి, ఇంకొకరి జ్ఞాపకం ఎంత నమ్మదగినదో పరీక్షించవలసి రావడం కంటే బలమైన కథావస్తువు ఈ తరహా నవలకు మరొకటి దొరకదు.

దీనికి అవతలి వాదన లేకపోలేదు. బాధితుల కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతుంటే, ముద్దాయి వైపు నిలబడే మనిషిని కథానాయకుడిని చేసి అతని చాతుర్యానికి మురిసిపోవడం ఏమి న్యాయమని కొందరు పాఠకులు అడిగారు. వాళ్ల కోపాన్ని నేను తక్కువ చేయను. అయితే జాప్యానికి ఖాళీగా ఉన్న జడ్జి పోస్టులు, సమన్లు అందని సాక్షులు, ఆలస్యంగా వచ్చే ఫోరెన్సిక్ నివేదికలు ప్రధాన కారణాలు. సాక్షిని నిలదీసి అడిగే ప్రశ్న వాటిలో ఒకటి కాదు. ఆ ప్రశ్నకు నిలబడని సాక్ష్యంతో శిక్ష పడితే, అసలు నేరం చేసినవాడు ఊళ్లోనే తిరుగుతుంటాడు, బాధితులకు జరిగిన అన్యాయం రెట్టింపవుతుంది.

నన్ను అసలు కలవరపెడుతున్నది మరొకటి. త్వరగా తేల్చని కథ మనకు ఎందుకు రుచించడం లేదు? 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో యాసిడ్ దాడి కేసులో పట్టుబడిన ముగ్గురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు ఈ ఊళ్లో పోలీసులకు పూలదండలు పడ్డాయి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు అదే తీరుగా చనిపోయినప్పుడు రాష్ట్రమంతా మిఠాయిలు పంచుకున్నారు. ఆ రెండో ఘటనపై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, వారిని చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని 2022లో నివేదించింది. ఆ నివేదికను ఎంతమంది చదివారు? ఆ ఏడుగురి విషయంలోనూ ఒక్క సాక్షీ బోనెక్కలేదు, ఒక్క ప్రశ్నా అడగలేదు. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది కోర్టు కాగితం మీద ఎప్పటికీ తేలదు. జరిగిన నేరాలు అత్యంత దారుణమైనవి, వాటికి బలైన ఆడపిల్లల కుటుంబాలకు రావలసింది విచారణ జరిగి, రుజువై, పై కోర్టులో కూడా నిలబడే తీర్పు. దాన్ని కూడా ఆ తుపాకీ లాగేసుకుంది. నవలలో ముద్దాయి చేశాడో లేదో చివరిదాకా చెప్పలేదని చికాకు పడే పాఠకులు, నిజ జీవితంలో ఆ ప్రశ్న అడగకుండానే ముగించినప్పుడు ఎందుకు ఊరుకున్నారో ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాను.

ఇదే అసహనం కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లకూ అంటుకుంది. ఫలానా కేసులో ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయరాదని తీర్మానాలు చేయడం చట్టవిరుద్ధమని, వృత్తి ధర్మానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. అయినా దారుణమైన ఘటన జరిగిన ప్రతిసారీ అటువంటి పిలుపు వినిపిస్తూనే ఉంది, ప్రజలు దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు.

పేరున్న వకీలును పెట్టుకోగల ముద్దాయిలు నవలల్లో కనిపిస్తారు గానీ మన జైళ్లలో ఉన్నది వేరే మనుషులు. జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. వరంగల్‌లో నిజాం కాలం నాటి సెంట్రల్ జైలును 2021లో కూల్చి, ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి కావలసిందే, దానితో నాకు పేచీ లేదు. అయితే ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం వంటి జైళ్లకు పంచినప్పుడు, కోర్టు పని ముగించుకొని సాయంత్రం జైలుకు పోయి ముద్దాయితో మాట్లాడి వచ్చే వీలు ఈ ఊరి న్యాయవాదికి పోయింది. సాక్షికీ ముద్దాయికీ పాత కక్ష ఉందా, ఆ రాత్రి ముద్దాయి ఎక్కడ ఉన్నాడు, పంచనామా మీద సంతకం చేసిన మనిషి ఎవరి తాలూకు అన్న సంగతులు ముద్దాయి నోటి నుంచే తెలియాలి. భూపాలపల్లి నుంచో ములుగు నుంచో ఒక రోజు కూలి వదులుకొని జైలు ములాఖత్‌కు పోయే తల్లి వాటిని వకీలుకు మోసుకురాలేదు. ఉచిత న్యాయ సహాయం కింద కేసు అందుకున్న యువ న్యాయవాది అవేవీ తెలియకుండానే క్రాస్‌కు లేచి నిలబడవలసి వస్తున్నది, కరెంటు స్తంభం గురించి అడగకూడని ప్రశ్న అడుగుతున్నదీ ఎక్కువగా అటువంటి కేసుల్లోనే.