సవరణ: ఇన్సులిన్ సిరంజి ఏదైనా పర్లేదు అని కాదు
నిన్న డాక్టర్ చెప్పిన యూనిట్ల గీత దాకా మందు లాగితే చాలు అని రాశా కదా, దానికి ఒక ముఖ్యమైన మాట కలపాలండీ. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజే వాడాలి. 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి, వాటికి నారింజ మూతది. తారుమారైతే చాలా డేంజర్, 100 మందుని ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 25 యూనిట్లు, షుగర్ దారుణంగా పడిపోతుంది, అదీ రాత్రిపూట పెద్దవాళ్ళకి అయితే నిద్రలో ఎవరూ గమనించరు కూడా. అదే 40 మందుని నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే 4 యూనిట్లే వెళ్తుంది. సీసా మీద, సిరంజి మీద నంబరు ఒకటేనా అని ప్రతిసారీ చూడండి, షాపులో వేరేది ఇస్తే అక్కడే మార్పించుకోండి.