దొంగ దొరికాడు, మరి సొత్తు?

తిరుపతిలో చోరీ కేసు ఛేదించిన రోజు పోలీసుల ప్రెస్‌మీట్ ఎలా ఉంటుందో మా పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బల్లమీద వరసగా పేర్చిన గొలుసులు, సెల్‌ఫోన్లు. వెనక ముఖానికి ముసుగుతో నిందితుడు. పక్కన అధికారులు. మరునాడు మా పేజీలోనూ అదే ఫొటో. ఆ గొలుసు ఎవరి మెడలోదో ఆవిడ మాత్రం ఆ ఫొటోలో ఎప్పుడూ ఉండదు. అప్పటికి ఆదోనిలోనో మంచిర్యాలలోనో ఉంటుంది. తన గొలుసు దొరికిన సంగతి ఆమెకు తెలిసిందో లేదో రాసిన మాకూ తెలియదు.

వేరే ఊళ్లో నగ పోయినవాళ్లు ఆ ఊళ్లోనే ఉంటారు, నాలుగు రోజులకోసారి స్టేషన్‌కు వెళ్లి అడుగుతారు. ఇక్కడ పోగొట్టుకునేవాళ్లలో చాలామంది ఆ రాత్రికే రైలెక్కాల్సిన యాత్రికులు. బస్టాండు ఎదుటి టీటీడీ వసతి సముదాయం శ్రీనివాసం దగ్గర బ్యాగు పోయిందని గుర్తించేసరికి చేతిలో మిగిలేది తిరుగు టికెట్, గంటో రెండు గంటలో టైమ్. అప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఏం పోయింది’ అని కాదు, ‘ఎక్కడ పోయింది’ అని. కొండమీదైతే ఒక స్టేషన్, బస్టాండులో అయితే మరొకటి, ప్లాట్‌ఫారం మీదైతే రైల్వే పోలీసులు. బస్సులో కునుకు తీసినప్పుడు పోతే ఎక్కడని చెప్పాలి? చివరికి ఇంటి పెద్దావిడ ‘పోనీలే, హుండీలో వేశామనుకుందాం’ అంటుంది. ఆ భక్తిని కాదనం. కానీ ఆ మాటతో ఆ దొంగతనం ఏ రికార్డులోకీ ఎక్కకుండా పోతుంది.

ఇలా రికార్డుకెక్కని నేరాలను నేరశాస్త్రం ‘చీకటి లెక్క’ అంటుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఏటా ప్రకటించే అంకెలు స్టేషన్లలో నమోదైన కేసులవే. అమెరికాలో 1973 నుంచి, బ్రిటన్‌లో 1982 నుంచి జనాన్నే నేరుగా ‘మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా’ అని అడిగే సర్వేలు ఉన్నాయి. అలా క్రమం తప్పకుండా జరిగే జాతీయ సర్వే మనకు లేదు. కాబట్టి ఫలానా ఏడాది చోరీలు తగ్గాయన్న ప్రకటన విన్నప్పుడు, తగ్గినవి చోరీలా ఫిర్యాదులా అని అడగక తప్పదు.

నేర బాధితుల గురించిన చదువు కూడా బాధితుల పక్షాన మొదలవలేదు. 1940ల్లో దానికి పునాది వేసిన బెంజమిన్ మెండెల్సన్, బాధితులను వర్గాలుగా విడదీయడానికి పెట్టుకున్న కొలమానం ‘జరిగినదాంట్లో నీ తప్పెంత’ అన్నదే. ఏ తప్పూ లేనివాళ్ల నుంచి నేరస్తుడికన్నా తప్పున్నవాళ్ల దాకా మెట్లు కట్టాడు. ఆ చూపుమీద తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి. 1985లో ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటన బాధితులను గౌరవంగా చూడాలని, కేసు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లకు చెప్పాలని, నష్టం పూడ్చాలని కోరింది. మన స్టేషన్ బల్ల దగ్గర మాత్రం చాలాసార్లు ఇంకా 1940లే నడుస్తున్నాయి. ‘అంత నగ వేసుకుని జనంలోకి ఎందుకొచ్చావమ్మా?’ తిరుమల గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లకు డబ్బు కట్టినవాళ్లకైతే ‘చదువుకున్నవాళ్లు, చూసుకోవద్దా’. ఆ క్షణంలో వాళ్లకు కావలసింది చీవాట్లు కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పే మనిషి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది. ‘ఏమరుపాటుగా ఉండగా’ అని మేమూ తేలిగ్గా రాసేస్తుంటాం. ఏమరుపాటు నేరం కాదు.

పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్). తిరుపతి లాంటి ఊరికోసమే రాశారా అనిపించే మాటలు అందులో కొన్ని ఉన్నాయి. 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమైతే అది ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అదే జీరో ఎఫ్‌ఐఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. ఫోన్‌లోనో మెయిల్‌లోనో ఫిర్యాదు పంపవచ్చు కానీ మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. రైల్లో ఉన్న మనిషి ఆ సంతకం ఎక్కడ, ఎలా పెట్టాలో స్టేషన్‌లోనే చెప్పి పంపితే సగం టెన్షన్ తీరుతుంది.

అదే చట్టంలో మాకు మింగుడుపడని సంగతీ ఒకటుంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే, ఆ చోరీని పోలీసులు మెజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేని నేరాల్లో చేర్చారు. మొదటిసారి చిన్న దొంగతనం చేసినవాడు సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టడం మంచి ఆలోచనే, దాన్ని మేము సమర్థిస్తాం. కానీ కూలి డబ్బు కూడబెట్టుకుని వచ్చిన కుటుంబానికి పోయిన 4,000 అంటే తిండి, దారి ఖర్చు అన్నీ. నేరం బరువును రూపాయల్లో తూచినప్పుడు పేదవాడి నష్టమే తేలికగా తూగుతుంది.

ఇక దొరికిన సొత్తు. గొలుసు కోర్టుకు చేరాక అది ఆవిడది కాదు, కేసుది. విడిపించుకోవాలంటే పిటిషన్ వేయాలి, వకీలు కావాలి, రానూపోనూ చార్జీలు. వస్తువు ఫొటోలు, పంచనామా ఉంచుకుని యజమానికి త్వరగా ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఇప్పుడు 497వ సెక్షన్ గడువులే పెట్టింది: కోర్టుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఫొటో లేదా వీడియో, ఆ తర్వాత 30 రోజుల్లో ఉత్తర్వు. ఈ గడువులు ఎన్ని కేసుల్లో నిలబడుతున్నాయో తిరుపతి, చిత్తూరు జిల్లాల పోలీసులు నెలనెలా ప్రకటించాలి. దాడులు, హత్యల్లో నష్టపోయిన కుటుంబాలకు 396వ సెక్షన్ కింద పరిహారం ఉంది. నేరస్తుడు దొరక్కపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. చిత్తూరు కోర్టు ఆవరణ దాటి ఈ మాట ఎంతమందికి తెలుసు? ప్రతి స్టేషన్ గోడమీద, పెద్దాసుపత్రి క్యాజువాల్టీ దగ్గర పెద్దక్షరాల్లో రాసిపెట్టాలి.

బస్టాండు, రైల్వే స్టేషన్, అలిపిరి, ఈ మూడుచోట్ల రాత్రిళ్లూ తెరిచి ఉండే ఫిర్యాదు బల్ల కావాలి. అక్కడ కూర్చునేవాళ్లకు తమిళం, కన్నడం, హిందీ వచ్చి ఉండాలి. మా వంతుగా, ఇకపై రికవరీ వార్త రాసే ప్రతిసారీ సొత్తు ఎవరిదో, వాళ్లకు కబురందిందో లేదో మా విలేకరులు ఆ ప్రెస్‌మీట్‌లోనే అడుగుతారు. జవాబు రాకపోతే రాలేదనే రాస్తాం.