ఒంగోలు గిత్తలకు స్టోర్ రూమంట, వాల్ స్ట్రీట్ ఎద్దుకు స్పాట్ లైటంట

గృహప్రవేశం భోజనం చేసి ఇప్పుడే ఇంటికొచ్చాను. చీర కూడా మార్చుకోకుండా ఫోన్ పట్టుకున్నాను. ఇది రాస్తే గానీ తిన్నది అరగదు. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనోళ్ళు ఒక లైక్ కొట్టి వెళ్ళిపోండి, ఏమీ అనుకోను.

మా చిన్నాన్న కొడుకు నెల్లూరులో ఇల్లు కట్టాడు. మంచి ఇల్లే, కాదనను. స్టీలు బిందెలూ గోడ గడియారాలూ అందరూ తెస్తారులే అని నేను మా ఊరి ఆచారి చేత వేపచెక్కతో గిత్తల జత చేయించుకెళ్ళాను. మా ఊరంటే కందుకూరు దగ్గర పల్లె. (1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ పైన ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. మేం ఎక్కడికీ కదల్లేదు, జిల్లాలే మా మీదుగా అటూ ఇటూ పోతుంటాయి. అది ఇంకో పోస్టు.) ఆచారి ఫొటో అడగలేదు, కొలతలు అడగలేదు. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, కళ్ళ చుట్టూ నలుపు, అన్నీ జ్ఞాపకం మీదే చెక్కాడు. చిన్నప్పుడు వాటితో దున్నినవాడు కదా.

మా మరదలు కాగితం విప్పింది, నవ్వింది, భర్త మొహం చూసింది. "చాలా బాగున్నాయి వదినా, కానీ ఇంటీరియర్ అబ్బాయి ఒప్పుకోడు. హాలు థీమ్ వేరే. ఇంకా ఎద్దు బరువు మోసేది కదా, అది ఇంట్లో ఉంటే యజమానికి బరువులు పెరుగుతాయంట" అని చెప్పి, నా కళ్ళముందే గిత్తల్ని తీసుకెళ్ళి స్టోర్ రూంలో ఖాళీ పెయింట్ డబ్బాల పక్కన పెట్టింది.

సరే, ఇల్లు వాళ్ళది, ఇష్టం వాళ్ళది. నోరు మూసుకుని హాల్లోకొచ్చాను. టీవీ యూనిట్ పక్కన ఒక ప్రత్యేకమైన అర. అందులో స్పాట్ లైటు. లైటు కింద ఇత్తడి రంగులో, తల వంచి తోక విసిరి కుమ్మడానికి వస్తున్న ఎద్దు! న్యూయార్క్ వాల్ స్ట్రీట్ ఎద్దు!

"ఇదేంది మరి?" అన్నాను.

"అది షేర్ మార్కెట్‌ది వదినా. గ్రోత్ కోసం."

ఏం చెప్పాలబ్బా ఇంక. వేపచెక్క ఎద్దయితే బరువు, ఇత్తడి పూత ఎద్దయితే గ్రోత్. అసలు ఆ ఎద్దు కథేందో ఆ డిజైనర్‌కి తెలుసా? 1987లో షేర్ మార్కెట్ కుప్పకూలిన తర్వాత ఆర్తురో డి మోదికా అనే శిల్పి సొంత డబ్బుతో దాన్ని పోత పోశాడు. 1989 డిసెంబరులో పర్మిషన్ లేకుండా, తెల్లారేలోపు లారీలో తెచ్చి స్టాక్ ఎక్స్ఛేంజీ ముందు దించేసి పోయాడు. అధికారులు దాన్ని అక్కణ్ణుంచి ఎత్తించేశారు, తర్వాత దగ్గర్లోనే ఇంకో చోట పెట్టారు. మార్కెట్ పడిపోయి జనం గుండెలు బాదుకున్నప్పుడు పుట్టిన ఎద్దు అది. మావాడు షేర్లలో ఎంత పోగొట్టుకున్నాడో ఆ వీధిలో అందరికీ తెలుసు గనక, ఆ లెక్కన చూస్తే సరైన బొమ్మే పెట్టుకున్నాడు పాపం.

ఇంతకీ మనం ఉండేది ఎక్కడ? ఎద్దును చూడాలంటే న్యూయార్క్ దాకా పోవాల్సిన జిల్లాలా ఇవి? 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగితే వాటి మస్కట్ మన ఒంగోలు గిత్తే. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మన గిత్తల సంతానం, ఆ జాతిని అక్కడ నెలోర్ అనే పిలుస్తారు. 1868లో ఇంగ్లండ్ పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు మన జత ఒకటి అక్కడ అమ్ముడుపోయిందని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ జాతి ఆవే వియాటినా-19 అని, పదకొండు వందల కిలోల బరువు, 2023 వేలంలో 40 లక్షల డాలర్ల పైచిలుకు విలువ పలికి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ వార్త వచ్చిన రోజు వాట్సాప్ స్టేటస్‌లో ఎవరు పెట్టారో చెప్పనా? మా తమ్ముడే. "ప్రౌడ్ ఆఫ్ అవర్ ఒంగోలు" అని, కింద రెండు జెండాలు, మూడు కండలు తిరిగిన చేతులు. బ్రెజిల్‌లో ఉన్న ఆవుకైతే స్టేటస్‌లో చోటుంది. ఇంటికి నడిచొచ్చిన గిత్తలకు పెయింట్ డబ్బాల పక్కన చోటుంది. మన దగ్గర ఇప్పుడు మంచి జత చూడాలంటే చదలవాడ పశుక్షేత్రానికో, సంక్రాంతికి బండలాగుడు పందేలకో పోవాలి. ఇంకొన్నాళ్ళకు స్టేటస్‌లోనే చూసుకోవాలేమో.

ఇక గుర్రాల సంగతి. మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి, ఎవరూ తప్పుకోవద్దు. ఏడు తెల్ల గుర్రాలు నీళ్ళలో పరిగెత్తే బొమ్మ. దానికి ఎన్ని రూల్సో! ఇంట్లోకి పరిగెత్తి వస్తున్నట్టు ఉండాలి, బయటికి పోతున్నట్టుంటే డబ్బు పోతుంది. పగ్గాలు ఉండకూడదు, రథం ఉండకూడదు. ఏడే ఎందుకమ్మా అని అడిగితే "సూర్యుడివి కదా వదినా" అంది. సూర్యుడివైతే పగ్గాలు ఎందుకు ఉండకూడదు? రథసప్తమికి మన ఆడోళ్ళు చిక్కుడుకాయలతో చేసేది రథాన్ని కాదా? ఆ ఏడు గుర్రాలకు పేర్లున్నాయి. గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి. అన్నీ వేద ఛందస్సులు. సూర్యుడు ఛందస్సు మీద నడుస్తాడని ఊహించిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి. ఇప్పుడేమో పగ్గాలు విప్పేసి, సూర్యుణ్ణి నడిరోడ్డు మీద వదిలేసి, ఏడు గుర్రాలూ మన హాల్లోకి జొరబడాలంట. మరి తెల్లారేదెట్టా?

పైగా ఏసీ బిగించే పిలకాయలు పైపు కోసం గోడకు కన్నం వేస్తూ వేస్తూ ఏడో గుర్రం మూతి దగ్గర వేశారు. దాన్ని ప్లాస్టిక్ ఆకుల తీగతో కప్పారు. అంటే ఆరున్నర గుర్రాల అదృష్టం. ఆ సగం దోషానికి శాంతి ఏందో వాస్తు ఆయన్నే అడగాలి.

తాబేలు దగ్గరికొద్దాం. గాజు గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో ఇత్తడి తాబేలు, ఉత్తరం దిక్కు. చైనా వాళ్ళ లెక్కలో ఉత్తరానికి కాపలా నల్ల తాబేలు. వాళ్ళది పాత లెక్క, దాని మర్యాద దానికుంది. మనకూ శ్రీకూర్మంలో విష్ణుమూర్తి తాబేలు రూపంలోనే పూజలు అందుకుంటున్నాడు, కాదనడంలేదు. కానీ ఇంట్లోకి తాబేలు అనేసరికి మా నాయనమ్మ ఉంటే చీపురు తీసుకునేది. నెల్లూరుకు మద్రాసు ఎంత దూరం? అక్కడ ఇప్పటికీ సామెత, తాబేలు జొరబడిన ఇల్లూ అమీనా జొరబడిన ఇల్లూ బాగుపడవని. అమీనా అంటే కోర్టు జప్తుకొచ్చే ఉద్యోగి. మావాడికి ఇరవై ఏళ్ళ హోమ్ లోన్. అమీనా రావడానికి ఇంకా టైముందిలే అని ముందుగా తాబేలును తెచ్చి పెట్టుకున్నట్టున్నాడు. బొమ్మతో ఆగారు, నయం. నక్షత్ర తాబేళ్ళను ప్రాణాలతో తెచ్చి అదృష్టమని పెంచేవాళ్ళు కూడా ఉన్నారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. అప్పుడు గడప తొక్కేది లక్ష్మి కాదు, ఫారెస్టోళ్ళు.

గుమ్మం దగ్గర నోట్లో నాణెంతో మూడు కాళ్ళ కప్ప కూర్చుంది. అదీ చైనాదే. కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో పెరిగినోళ్ళకు కప్ప అంటే ఏందో నేను చెప్పక్కర్లేదు. వాన మొహం చాటేస్తే రోకలికి వేపాకులు కట్టి, కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి బిందెడు నీళ్ళు పోయించుకుంటూ కప్పతల్లిని పాడుతూ పోయేవాళ్ళు. మనకు కప్ప నోట్లో ఉండేది వాన. డబ్బు కాదు. మెట్ట రైతుకు ఆ రెండూ ఒకటే గానీ, నాణెం నోట్లో కుక్కితే కప్ప అరవదు కదా, వాన ఎట్టా వస్తుంది?

చేపల తొట్టి గురించి ఏమీ అనను. నెల్లూరోళ్ళం, చేపను చూస్తే మనకు తట్టేది పులుసులో మామిడికాయ ముక్క, ఐశ్వర్యం కాదు.

అందరికంటే బాధనిపించింది పిల్ల గది. గోడ నిండా గులాబీ రంగు ఫ్లెమింగోల వాల్‌పేపర్. "ట్రాపికల్ థీమ్ ఆంటీ, మయామీ వైబ్" అన్నాడా డిజైనర్ అబ్బాయి. (ఆంటీ ఏందో. మా కాలంలో అయితే అక్కా అనేవాళ్ళు.) మయామీ ఏందయ్యా, ఇక్కణ్ణుంచి కారెక్కి దక్షిణంగా పోతే సూళ్ళూరుపేట దాటగానే పులికాట్ సరస్సు. చలికాలంలో వేల ఫ్లెమింగోలు సన్నకాళ్ళ మీద నిలబడి బురద జల్లెడ పడుతుంటాయి. ఆ పక్కనే నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. అసలు ఆ గులాబీ రంగు ఫ్లెమింగోకు పుట్టుకతో రాదు, పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. నాచూ, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులూ తిని తిని ఆ రంగు ఈకలకు ఎక్కుతుంది. మనం ఇన్నేళ్ళుగా రొయ్యలు తింటున్నాం, మనకు ఏ రంగూ రాలేదు, అది వేరే సంగతి. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. ఫ్లెమింగోలను ఎప్పుడైనా చూశావా అంటే "యూట్యూబ్‌లో చూశా అత్తా" అంది. గోడకు పెట్టిన డబ్బులో పదో వంతుతో ఒక ఆదివారం పులికాట్ పక్కనున్న తడ ఊరికి తీసుకుపోయి దోనె ఎక్కించవచ్చు. ఎవరికి చెప్తాం.

ఇప్పుడు కామెంట్లలో కొంతమంది మేధావులు దిగుతారు. "పాతవీ నమ్మకాలే, కొత్తవీ నమ్మకాలే, తేడా ఏముంది మేడం" అని. తేడా ఎంత ఉందో రండి చూపిస్తా. మా అమ్మ వెంకటగిరి చీర కొంగు మీద హంసలుండేవి. ఆ హంస ఏ మూలన ఉంటే ఎంత డబ్బు వస్తుందని నేసినాయన చెప్పలేదు, కట్టుకున్న మా అమ్మ అడగలేదు. ఇప్పుడు ప్రతి జంతువూ ఇంట్లో ఉద్యోగానికి చేరింది. తాబేలుకు ఆయుష్షు డ్యూటీ, కప్పకు క్యాష్ డ్యూటీ, ఏనుగు తొండం ఎత్తితేనే జీతం. తొండం దించిన ఏనుగు బొమ్మను మా మరదలు ఆన్‌లైన్‌లో వాపస్ పంపిందంట! ఆ ఏనుగు నీళ్ళు తాగద్దా?

సరే, ఇవన్నీ పక్కన పెట్టండి. వీటికి నేను నవ్వుకుని ఇంటికొచ్చేదాన్నే. నా ఒళ్ళు మండింది డైనింగ్ టేబుల్ దగ్గర.

టేబుల్ ఎదురు గోడకు పాత టేకు చెక్క ఒకటి అడ్డంగా బిగించి ఉంది. నడుమ గజలక్ష్మి, అటొకటి ఇటొకటి ఏనుగులు, చివర్లో చిలకలు. తమిళనాడు కారైకుడి నుంచి తెప్పించారంట. అక్కడ పాత చెట్టియార్ల ఇళ్ళు కూల్చిన తలుపులూ స్తంభాలూ అమ్మే అంగళ్ళు వీధి పొడుగునా ఉంటాయి. "ఒరిజినల్ యాంటిక్ అక్కా" అన్నాడు తమ్ముడు. రేటు కూడా చెప్పాడు. చెయ్యి కడుక్కుని లేచొచ్చేశాను.

ఎందుకంటే మా తాత ఇంటి వీధి తలుపు ద్వారబంధం మీద ఇదే గజలక్ష్మి ఉండేది. ఇదే తీరు. ఆ ఏనుగులు మబ్బులనీ, తొండాలతో పోసేది వాననీ మా తాత చెప్పేవాడు. లక్ష్మి అంటే ఆయనకు పైరు. చిలకలంటే మన్మథుడి వాహనం. కొత్త కోడలు కుడికాలు పెట్టి లోపలికి వచ్చే గుమ్మం మీద మన్మథుడి వాహనాన్ని చెక్కించారంటే మన పెద్దోళ్ళు మనం అనుకున్నంత పెద్దమనుషులేం కాదు! మా అమ్మ ఆ చిలకల కిందుగానే ఆ ఇంట్లోకొచ్చింది. ప్రతి పండక్కీ పైన మామిడాకులు కట్టి, కింద గడపకు పసుపు రాసేది. అది మనుషులు కిందుగా నడిచే బొమ్మ. డైనింగ్ టేబుల్ ఎదురు గోడకు కొట్టి, బిర్యానీ తింటూ చూసే బొమ్మ కాదు.

పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఆ ద్వారబంధాన్ని పాత కలప వ్యాపారికి అమ్మేసింది ఎవరు? ఈ ఇంటి పెద్దాయన. మా చిన్నాన్న. మా నాన్న అప్పుడు ఒంగోలులో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. డిశ్చార్జి అయి ఊరికొచ్చి చూస్తే తలుపు లేదు, చుట్టూ సిమెంటు పూసిన ఇనప గేటుంది. "పురుగు పట్టింది అన్నా" అన్నాడంట. టేకుకు పురుగంట! అడుగుల లెక్కన అమ్మాడని ఊళ్ళో ఒకరంటారు, మొత్తంగా గుత్తకు ఇచ్చేశాడని ఇంకొకరంటారు. మా నాన్న పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయనకు పరువు, మాకు మొహమాటం, వాళ్ళకు లాభం.

ఇప్పుడు తండ్రి అమ్ముకున్నదాన్ని కొడుకు ఇంకెవరి ఇంటిదో కొని గోడకు బిగించి, వచ్చినోళ్ళందరికీ మన సంస్కృతి గురించి క్లాసు పీకుతున్నాడు. నేను వినాలంట.

తమ్ముడూ, ఈ పోస్టు నువ్వు చూస్తావని తెలుసు. మీ ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ అమ్మాయి కాపురానికి వచ్చేసరికే తలుపు పోయింది. డిజైనర్ మీదా లేదు, ఆంటీ అన్నది తప్పిస్తే. చిన్నాన్నను ఒక్క మాట అడుగు. ఆ గజలక్ష్మి ఎంతకు పోయింది, అందులో మా నాన్న వాటా ఎవరి దగ్గరుంది? వడ్డీ వద్దులే. ఫోన్‌పే చెయ్యి, నంబర్ నీ దగ్గరుంది.