మందుల షాపులో సలహాకు శిక్షణ తప్పనిసరి

అలిపిరి మెట్లెక్కి, దర్శనం చేసుకుని కొండ దిగిన అరవై ఏళ్ల యాత్రికుడు ఊరికి బయల్దేరే ముందు తిరుపతిలో ఏదో ఒక మందుల షాపు దగ్గర ఆగి ఒళ్లు నొప్పులకు బిళ్ల అడగడం మనకు కొత్త కాదు. ఆయన రోజూ బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతూ ఉండవచ్చు, వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది కావచ్చు, ఎండలో నడిచినందువల్ల ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు. ఆ స్థితిలో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. రోజూ ఏ మందులు వాడుతున్నారో, నీళ్లు సరిగా తాగారో లేదో అడిగి తెలుసుకుని, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ఇచ్చి పంపగల ఫార్మాసిస్టు అక్కడ ఉంటే ఆ ప్రమాదం తప్పుతుంది.

మన దేశంలో ఫార్మాసిస్టుకు మందు రాసే అధికారం లేదు. అయినా జలుబు, దగ్గు, విరేచనాలు, తామర, కడుపులో మంట వంటి వాటికి కుప్పం నుంచి శ్రీకాళహస్తి దాకా చాలామంది తొలి సలహా పొందేది మందుల షాపులోనే. ఆ సలహా ఇచ్చేవారి చదువు డిప్లొమాతోనో డిగ్రీతోనో ఆగిపోకూడదని మేము గట్టిగా కోరుతున్నాము.

ఈ అవసరాన్ని చట్టం గుర్తించకపోలేదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు, ఒక్కొక్కటి కనీసం ఒక రోజు చొప్పున, హాజరు కావాలని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఐదేళ్లలో రెండు రోజులు ఏ మూలకు? ఈ మధ్యకాలంలో వచ్చిన మార్పులు చూసినా ఆ కొరత తెలుస్తుంది. స్టిరాయిడ్ కలిసిన పైపూత మందుల దుర్వినియోగం వల్ల తామర మొండిబారుతుండటంతో అలాంటి పలు మందులు 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలోకి వచ్చాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వారాలో కల్తీ దగ్గు మందు పసిపిల్లల ప్రాణాలు తీసిన తరువాత, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి హెచ్చరించింది. ఆ మందు తయారైంది మన పొరుగునే ఉన్న కాంచీపురం జిల్లాలో. ఇలాంటి హెచ్చరిక పలమనేరులోని చిన్న షాపుకు సకాలంలో, అర్థమయ్యే తెలుగులో చేరే ఏర్పాటు ఉండాలి.

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి గొంతు నొప్పి, చెవిపోటు, స్త్రీలలో సాధారణ మూత్రనాళ ఇన్ఫెక్షన్ సహా ఏడు సమస్యలకు వైద్యుడి చీటీ లేకుండానే ఫార్మాసిస్టులు చికిత్స అందిస్తున్నారు. అయితే ఏ వయసువారికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి అన్నవి అక్కడ రాతపూర్వకంగా నిర్దేశించి ఉన్నాయి. చెవిపోటుకు మందు ఇవ్వాలంటే పరికరంతో చెవి లోపల పరీక్షించడం వచ్చి ఉండాలి. మన దగ్గర అలాంటి అధికారం ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. శిక్షణ ఇస్తే దొంగ వైద్యానికి తలుపులు తెరిచినట్టేనన్న కొందరు వైద్యుల ఆందోళనను మేము తేలికగా తీసుకోవడం లేదు. కానీ ఈ శిక్షణలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మందు ఇవ్వకుండా ఆపడమే. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చినవారిని మరో సీసా సిరప్‌తో కాకుండా క్షయ పరీక్షకు పంపడం, జ్వరంతో వచ్చినవారికి చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వకపోవడం నేర్పితే వైద్యులకు అభ్యంతరం ఉండనక్కరలేదు.

బోధించగల సంస్థలకు తిరుపతిలో కొదవ లేదు. శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, రుయా ఆసుపత్రి, స్విమ్స్, ఫార్మసీ విభాగం ఉన్న పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ వీటిని కలుపుకుని, రోజంతా సాగే ఉపన్యాసాల స్థానంలో, నెలకొక సాయంత్రం నిజమైన కేసుల మీద చర్చ జరిగే తరగతులు నడపాలి. ఒంటరిగా షాపు నడుపుకునేవారు రోజంతా మూసి రాలేరు గనుక చిత్తూరు, పుంగనూరు, పుత్తూరులో కూడా వాటిని ఏర్పాటు చేయాలి. తమిళం, కన్నడం మాట్లాడే యాత్రికులను అడగవలసిన నాలుగు ప్రశ్నలు కూడా అందులో నేర్పాలి. హాజరు పట్టీలో సంతకంతో సరిపెట్టకుండా, చివర పరీక్ష పెట్టి దాని ఆధారంగానే రెన్యువల్ చేయాలి.

ఇంత చేసినా, సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ దాని యజమాని మరో ఊళ్లో ఉంటే ఫలితం సున్నా. అద్దె సర్టిఫికెట్లతో నడిచే షాపులను ఔషధ నియంత్రణ అధికారులు ముందుగా తనిఖీ చేయాలి. శిక్షణ పొందిన ఫార్మాసిస్టు కౌంటర్ దగ్గర ఉండే వేళలను ప్రతి షాపు బయట పెద్ద అక్షరాలతో రాయించాలి.