మూడు నిమిషాల క్రీడాజీవితం

విశ్వవిద్యాలయ బ్యాటరుగా నా జీవితం నిన్న మధ్యాహ్నం మొదలై, నేను బౌండరీ గీతైనా దాటకముందే ముగిసింది. మూడేళ్లు నీళ్ల సీసాలు మోశాక, ఆఖరి సంవత్సరంలో, ఎవరికో వేలు విరిగిన పుణ్యాన నాకు పదకొండో స్థానం దక్కింది. మొదట ఫీల్డింగ్ చేశాం. బంతి నా వైపు రాలేదు కనుక అందులో చెప్పుకోవలసిందేమీ లేదు.

1827లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ జట్లు లండన్‌లోని లార్డ్స్ మైదానంలో తలపడిన నాటినుంచి విశ్వవిద్యాలయ క్రికెట్ ఎంతగా ఎదిగినా, మా క్రీడావిభాగం మాత్రం జట్టు మొత్తానికి మూడు జతల ప్యాడ్లు చాలునని తేల్చింది. క్రీజులో ఇద్దరు, బయట సిద్ధంగా ఒకడు, నాలుగోవాడికెందుకని వారి లెక్క. వరుస బంతుల్లో రెండు వికెట్లు పడతాయన్న ఊహ ఆ లెక్కలో లేదు. నిన్న పడ్డాయి.

ఎనిమిదో వికెట్టుగా వెనుదిరిగిన మిత్రుడు ప్యాడ్లు విప్పడం మాని, బంతి లెగ్ స్టంప్ బయట పడిందని, అంపైరుకు చూపు లేదని ఉపన్యసిస్తూ ఉండగానే పదోవాడు తొలి బంతికే బౌల్డయ్యాడు. నేను మిత్రుడి ముందు మోకాళ్లమీద కూలబడి అతని ఎడమకాలి ప్యాడు లాక్కుని, నా కుడికాలికి తొడిగాను. తప్పు తెలిసి విప్పబోతే పట్టీ నా మేజోడుకు అతుక్కుంది. దానిని ఊడదీస్తూ, రెండో ప్యాడు పట్టీలను కూడా చకచకా బిగించేశాను. ఒకటి, రెండు, మూడు. ఇంత నేర్పుగా నా వేళ్లు ఎన్నడూ పనిచేయలేదు. నేను బిగిస్తున్నవి అతడు విప్పుతున్న పట్టీలేనని, ఆ కాలు నాది కాదని, అతడు "అది నా కాలురా" అని మూడోసారి అన్నాక గాని నాకు బోధపడలేదు. అప్పటికీ అతడు లెగ్ స్టంప్ సంగతి వదల్లేదు.

క్రికెట్ 40వ నిబంధన ప్రకారం వికెట్టు పడ్డ 3 నిమిషాల్లో కొత్త బ్యాటర్ సిద్ధంగా ఉండాలి. ప్రత్యర్థి కెప్టెన్, గ్రంథాలయంలో పుస్తకం అడిగేవాడంత మర్యాదగా, "హౌజట్ సర్" అన్నాడు. అరిచి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. అంపైరు గడియారం చూసి వేలెత్తారు. 2023 ప్రపంచకప్‌లో, ఢిల్లీలో, శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ ఇలాగే టైమ్డ్ అవుట్ అయినా, ఆయన కనీసం క్రీజు దాకా వెళ్లారు. హెల్మెట్ పట్టీ తెగిందని చూపించుకోగలిగారు. నేను చూపించడానికి మిగిలింది ఒంటికాలి ప్యాడు. ఈ వికెట్టు ఏ బౌలరు ఖాతాలోనూ పడదట. అంటే నన్ను అవుట్ చేసిన ఘనత క్రీడావిభాగానిదే.

ఈ ఉదయం అదే విభాగం గుమాస్తా నన్ను పిలిపించి, రిజిస్టరు తెరిచి, మూడో జతలో ఒక ప్యాడే తిరిగి వచ్చిందని, రెండోది అప్పగించేదాకా నా ధ్రువపత్రం ఇవ్వబోమని చెప్పాడు. ఆ రెండోది నేనే బిగించి వదిలేసిన కాలికి ఉంది. ఆ కాలు గలవాడు ఫోను ఎత్తడం లేదు.